బండిలో మా మాటలు గోల కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం అండి.

పోయిన వారం మీ పేపర్లో లేఖల కాలమ్‌లో ఒక పెద్దాయన రాసింది చదివాను. పలాస నుంచి వైజాగ్ వెళ్ళే పొద్దుటి రైలు బండిలో ఆడవాళ్ళ గోల ఎక్కువైపోయింది, పేపర్ చదువుకోనివ్వరు, కునుకు తీయనివ్వరు, అత్త మీద కోడలు కోడలి మీద అత్త, పిల్లల మార్కులు, ఆదివారం కూరలు, ఇంట్లో మాటలన్నీ తెచ్చి బండిలో పెడతారు, ఇంటి గుట్టు ఇంట్లో ఉంచుకోవాలని వీళ్ళకి ఎవరు చెప్తారు అని రాశారు. ఆయన మీద నాకు కోపం ఏమీ లేదు. కానీ ఆ మాట్లాడేవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి జవాబు మాలో ఎవరో ఒకరు ఇవ్వాలి కదా అని రాస్తున్నాను. పెద్దదైపోతే కత్తిరించుకోండి, ఇంటర్ పిల్లాడి విషయం మాత్రం తీసేయొద్దు ప్లీజ్.

ముందు ఆయన రాసిన దాంట్లో కరెక్ట్ ఉన్నది చెప్పేస్తాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి వీడియోలు చూసేవాళ్ళు ఉన్నారు, ఆడవాళ్ళూ ఉన్నారు మగవాళ్ళూ ఉన్నారు, పక్కన చంటిపిల్ల నిద్రపోతున్నా తగ్గించరు, అది మాకూ ఇబ్బందే. సీటు మీద బుట్ట పెట్టి నిలబడ్డ మనిషిని చూడనట్టు కూర్చోవడం కూడా తప్పే. ఈ రెండింటి మీద ఆయన ఎంత గట్టిగా రాసినా నేను ఆయన వైపే. ఆ గుట్టు మాట దగ్గరే నాకు గుచ్చుకుంది. ఎందుకంటే మాలాంటి ఇళ్ళలో చాలా కష్టాలు ముదిరిపోయేది ఆ గుట్టు వల్లే. చిన్నగా ఉన్నప్పుడు ఎవరికీ చెప్పుకోరు, పరువు పరువు అని దాచుకుంటారు, అప్పు లక్షలు దాటాకో పిల్లాడు చెయ్యి జారాకో ఒంట్లో జబ్బు ముదిరాకో ఊరందరికీ ఒకేసారి తెలుస్తది, అప్పుడు ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు.

నాది విజయనగరం. వైజాగ్‌లో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తాను, సీజన్ టికెట్ మీద తిరుగుతాను. సుమారు 60 కిలోమీటర్లు. బండి మా దగ్గరికి వచ్చేసరికే సగం పైన నిండి ఉంటది. ఆముదాలవలసలో ఎక్కినవాళ్ళు, పొందూరు వాళ్ళు, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల వాళ్ళు, ఆ తర్వాత మేం, మా వెనక కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస, పెందుర్తి. ఆడవాళ్ళ పెట్టె నిండిపోతే పక్క జనరల్‌లో ఎక్కుతాం, ఆ పెద్దాయన మమ్మల్ని చూసింది అక్కడే అయ్యుంటది. మాలో హాస్టల్లో వంట చేసే అప్ప ఉంది, ప్రైవేట్ స్కూల్ టీచర్ ఉంది, నర్సింగ్ చదివే అమ్మాయి ఉంది, ఇళ్ళల్లో పనికెళ్ళే వాళ్ళు ముగ్గురు నలుగురు, పూలు అమ్ముకునే మామ్మ, నాలాంటి షాపుల వాళ్ళు. ఒకళ్ళ ఊరు ఒకళ్ళకి తెలీదు, కులం అడగం, అడిగినా ఎవరికీ దాంతో పనిలేదు. పొందూరు అప్ప, గరివిడి వదిన, పూల మామ్మ, టీచరమ్మ, ఇలాగే పిలుచుకుంటాం, అసలు పేర్లు చాన్నాళ్ళ తర్వాత ఏ పెళ్ళి కార్డు మీదో చూస్తే తెలుస్తాయి.

ఆ పెద్దాయన ఒకటి ఆలోచించాలి. మేం తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాం. నీళ్ళు పట్టి, పొయ్యి మీద అన్నం పడేసి, పిల్లలకి క్యారేజీలు కట్టి, మావగారికి చోడి అంబలి కాచి గ్లాసులో పోసి పెట్టి, చీర మార్చుకుని స్టేషన్‌కి పరిగెడతాం. సాయంత్రం ఇంటికొస్తే మళ్ళీ అదే పని. రోజంతా మేం తీరిగ్గా కూర్చునేది ఆ గంటన్నరే. అందులో కూడా చేతులు ఖాళీగా ఉండవు, చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూనో పూలు కట్టుకుంటూనో మాట్లాడతాం. ఇంట్లో మాట్లాడుకోవాలి అంటారు, ఇంట్లో ఎవరితో మాట్లాడాలండీ, మనం బాధపడేదే వాళ్ళ గురించి అయినప్పుడు? అమ్మకి చెప్తే ఆవిడ రాత్రంతా నిద్రపోదు. అన్నదమ్ములకి చెప్తే గొడవకొస్తారు. పక్కింటామెకి చెప్తే సాయంత్రానికి వీధి చివరకి వెళ్ళిపోద్ది. బండిలో చెప్తే వినేవాళ్ళు ఉంటారు, రేపు మళ్ళీ కనిపిస్తారు, ఏమైంది అని అడుగుతారు.

సోమవారం బండి అయితే అన్ని రోజుల్లోకీ వేరు. శని ఆదివారాల కబుర్లన్నీ ఆ రోజే. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరి తోటికోడలు ఏమంది, ఆదివారం చేపలు ఎంత పలికాయి, నెత్తళ్ళు దొరికాయా లేవా, ఎవరి అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చి రెండ్రోజులూ ఫోన్ చూసుకునే వెళ్ళిపోయాడు. కార్తీకమాసంలో అయితే వనభోజనాల లెక్కలు, తాటిపూడి వెళ్ళినవాళ్ళు రామతీర్థం వెళ్ళినవాళ్ళు. పైడితల్లమ్మ పండగ ముందైతే ఇంక చెప్పక్కర్లేదు, సోమవారం తొలేళ్ళు మంగళవారం సిరిమాను ఊరేగింపు, మాది విజయనగరమే కాబట్టి బండిలో సగం మందికి మా ఇల్లే విడిది, మేడ మీంచి చూడ్డానికి ఎవరెవరు వస్తారు ఎంతమంది పిల్లలు వస్తారు ఎన్ని కేజీల బియ్యం నానబెట్టాలి అని నెల ముందు నుంచే మొదలవుద్ది.

ఆ కబుర్లలోనే మా గెలుపులూ ఉంటాయి. బయటివాళ్ళకి అవి గెలుపుల్లాగే కనిపించవు. పోయిన ఆషాఢంలో మా కొత్తవలస ఆవిడ సింహాచలం గిరి ప్రదక్షిణ పూర్తిచేసింది. 32 కిలోమీటర్లండీ, మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళ కిందట మెట్లు కూడా ఎక్కలేకపోయేది. కొండ కింద తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టి, అప్పుఘర్ దగ్గర సముద్రం గాలికి కాసేపు కూచుని, మళ్ళీ లేచి తెల్లారేసరికి ముగించింది. తర్వాత బండెక్కి కాళ్ళు చాపుకుని కూచుంటే మేం వంతుల వారీగా ఆవిడ కాళ్ళు చూశాం, ఎంత వాచాయో, ఎక్కడ బొబ్బలు లేచాయో, ఆవిడ చూపించింది కూడా.

పొందూరు అప్ప వాళ్ళ అమ్మ సంగతి ఇంకోటి. పొందూరు ఖద్దరు అందరికీ తెలుసు, ఆ సన్న నూలు వెనక ఎంత పని ఉంటదో చాలామందికి తెలీదు. వాలుగ చేప దవడ ఎముకకి సన్నని పళ్ళుంటాయి కదా, దాంతో పత్తిని దువ్వి దువ్వి శుభ్రం చేస్తారు, ఆ తర్వాతే రాట్నం. అప్ప ఒకసారి ఆ దవడ ముక్క కాగితంలో చుట్టి తెచ్చి మాకు చూపించింది, వేలితో రాస్తే గరుగ్గా ఉంది, పళ్ళు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయంటే వెలుగులోకి పట్టుకుంటే గానీ కనపడవు. ఆ పని చిన్నప్పట్నుంచీ చేసిన తల్లికి కళ్ళల్లో శుక్లాలొచ్చి పోగు తెగితే కనపడక కూచుని ఏడ్చేదంట. ఆపరేషన్ అంటే భయం, వద్దంటే వద్దు. టీచరమ్మ వాళ్ళ నాన్నకి అంతకు ముందే అయింది కాబట్టి ఆయనతో ఫోన్లో మాట్లాడించారు, ఈ పెద్దావిడ ఆ పెద్దాయన్ని అడిగింది ఒకే ప్రశ్న, "బావూ, నొప్పెట్టిందేటి?" ఆయన "లేదమ్మా, సూది కూడా తెలీదు" అన్నారు, అంతే, ఒప్పుకుంది. ఆపరేషన్ అయ్యాక ఒక సోమవారం అప్ప ఎక్కుతూనే "మాయమ్మ రాట్నం కాడ కూకుంది" అంది. పెట్టెలో ఎంత సందడి అయిందో చెప్పలేను. మీకు లేఖ రాసిన పెద్దాయన కునుకు చెడింది ఆ రోజే అయితే నేనే క్షమాపణ అడుగుతా, కానీ మళ్ళీ అలాంటి కబురొస్తే మళ్ళీ అంత సందడీ చేస్తాం.

ఇప్పుడు ఆ ఇంటర్ పిల్లాడి విషయం. ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను, ఊరు పేరు రాయను.

2025 ఏప్రిల్ 12 శనివారం ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయి. సోమవారం అంబేడ్కర్ జయంతి, ఆఫీసులకి సెలవు కాబట్టి బండి కొంచెం ఖాళీగానే ఉంది, మాలాంటి షాపుల వాళ్ళకీ పని మనుషులకీ సెలవులుండవు కదా. ఎప్పుడూ కిటికీ పక్కన కూచుని అందర్నీ పలకరించే మనిషి ఆ రోజు వచ్చి మూల కూచుంది. క్యారేజీ తియ్యలేదు. చేతిలో ఫోన్ ఉంది, స్క్రీన్ ఆరిపోతే మళ్ళీ నొక్కుతుంది, చూస్తుంది, ఆరిపోతుంది, మళ్ళీ నొక్కుతుంది. గరివిడి వదిన పక్కకెళ్ళి కూచుని ఏమీ అడక్కుండా ఆ ఫోన్ వైపు చూసింది. మార్కుల మెమో. ఫిజిక్స్ 60కి 17. పాస్ అవ్వాలంటే 21 రావాలి. మ్యాథ్స్ లో ఒక పేపర్ కూడా పోయింది.

అప్పుడు చెప్పింది. శనివారం మధ్యాహ్నం నుంచి పిల్లాడు గది తలుపేసుకున్నాడు. వాళ్ళాయన ఆటో నడుపుతారు, కొట్టలేదు తిట్టలేదు, కానీ మాట్లాడ్డం మానేశారు. "ఎవుల్తోటీ సెప్పకు, నవ్వుతారు" అన్నారంట. ఆదివారం చుట్టాలు ఫోన్ చేస్తే ఇంకా చూడలేదు, నెట్ రావట్లేదు అని అబద్ధం చెప్పిందంట. రెండ్రోజులు ఆ ఇంట్లో ముగ్గురు మూడు మూలల్లో కూచున్నారు.

అందరం ఏదో ఒకటి అనబోయాం, రీకౌంటింగ్ అనీ, సప్లిమెంటరీ అనీ. పూల మామ్మ అందర్నీ చేత్తో ఆపి ఒకటే అడిగింది. "గుంటడు తిన్నాడేటే?"

తినలేదు. శనివారం రాత్రి నుంచి తినలేదు. ఆదివారం గది బయట పెట్టిన కంచం అలాగే ఉంది. ఈవిడ ఆ పొద్దున్న కూడా కంచం పెట్టి, పనికి రాకపోతే రోజు కూలి పోతది కాబట్టి బండెక్కేసింది.

నర్సింగ్ అమ్మాయి మొహం మారిపోయింది. ఆ పిల్ల మాలో అందరికన్నా చిన్నది, కానీ ఆ రోజు పెద్దదానిలా మాట్లాడింది. తినకుండా తలుపేసుకున్నాడంటే వదలకూడదు పిన్నీ, మందలించడం కాదు, పక్కన కూర్చోవాలి, ఎవరో ఒకరు ఇప్పుడే వెళ్ళాలి అంది. 14416 నంబర్ రాసిచ్చింది, టెలీ మానస్ అని, మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడతారు, పిల్లాడు మాట్లాడకపోతే తల్లైనా చేసి ఎలా ఉండాలో అడగొచ్చు అని చెప్పింది. వాళ్ళాయనకి బండిలోంచే ఫోన్ చేయించాం. ముందు ఆయన ఊఁ ఊఁ అన్నారు. టీచరమ్మ ఫోన్ తీసుకుని, "అన్నయ్యగారూ, నేను పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని, సప్లిమెంటరీ మే నెలలోనే ఉంటది, రెండు పేపర్లే, నేను చూసుకుంటాను, మీరు మాత్రం ఆటో పక్కన పెట్టి ఇప్పుడు ఇంటికెళ్ళి తలుపు కొట్టండి" అంది. వెళ్ళారు ఆయన.

ఈవిడ కొత్తవలసలో దిగిపోయింది, వెనక్కి వెళ్ళే బండి కోసం. మామ్మ కూడా దిగింది తోడుగా, పూల బుట్ట మాకు అప్పగించి. ఆ పూలు మేం వైజాగ్ స్టేషన్ బయట అమ్మాం, అది వేరే కథ.

గరివిడి వదిన కూతురు అంతకు ముందు ఏడాది ఫెయిలై సప్లిమెంటరీలో పాసై డిగ్రీలో చేరింది. ఆ సాయంత్రం ఆ పిల్ల ఈ పిల్లాడికి ఫోన్ చేసింది. పెద్దవాళ్ళు ఎంతమంది చెప్పినా వినని వాడు తనలాగే తప్పి గట్టెక్కిన పిల్ల చెప్తే విన్నాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలీదు, అడగలేదు. టీచరమ్మ చెప్పినట్టే ఆదివారాలు రమ్మని కూచోబెట్టి మ్యాథ్స్ చెప్పింది, ఒక్క రూపాయి తీసుకోలేదు. పిల్లాడు పాసయ్యాడు. వాళ్ళమ్మ పలాస జీడిపప్పు పాకం తెప్పించి పెట్టె మొత్తం పంచింది, నిలబడ్డవాళ్ళకి కూడా ఇచ్చింది, ఎవరికి ఇస్తున్నానో కూడా చూసుకోలేదు. బహుశా ఆ పెద్దాయన చేతిలో కూడా ఒక ముక్క పెట్టే ఉంటది.

ఇప్పుడు చెప్పండి, ఎవరితోటీ చెప్పొద్దు నవ్వుతారు అన్న మాట విని ఆవిడ మూలనే కూచుని వైజాగ్ దాకా వెళ్ళిపోయుంటే? నాకు తల్చుకుంటేనే ఒళ్ళు జలదరిస్తది. మన జిల్లాల్లో రిజల్ట్స్ వచ్చిన రోజుల్లో మీ పేపర్లోనే ఎలాంటి వార్తలు వస్తాయో మీకు తెలుసు.

అన్నీ ఇంత పెద్ద విషయాలు ఉండవు. చదువుకునే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు 2025 జూన్‌లో పడ్డప్పుడు, పిల్లకి 13,000 చొప్పున అందరికీ మెసేజ్‌లు వచ్చాయి, అలమండ అమ్మాయికి రాలేదు. ఇద్దరు పిల్లలు, 26,000. మొగుడు నువ్వే ఏదో చేసుంటావు అన్నాడంట. బండిలో అడిగితే తేలింది, ఆ అమ్మాయికి రెండు బ్యాంకు అకౌంట్లు, పాతది వాడట్లేదు, ఆధార్ లింక్ ఉన్నది ఆ పాతదానికి, డబ్బులు వెళ్ళేది ఆధార్ ఏ అకౌంట్‌కి కలిసి ఉంటే దానికే. ఇదే తిప్పలు అంతకు ముందు పడ్డ ఆవిడ పక్క సీట్లోనే ఉంది. బ్యాంకుకెళ్ళి ఆధార్ ఇప్పుడు వాడే అకౌంట్‌కి మార్చాలి, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అని అడుగు, తర్వాత ఊళ్ళో సచివాలయంలో అర్జీ పెట్టు, రసీదు తీసుకోవడం మర్చిపోకు అని వరసగా చెప్పింది. డబ్బులు పడ్డాయి. చదువుకున్నవాళ్ళకి ఇది చిన్న విషయమే, ఆ అమ్మాయికి అది స్కూల్ ఫీజు, పైగా మొగుడి అనుమానం కూడా పోయింది.

బండిలో చెప్పే ప్రతి సలహా మంచిదే అని నేను అనను. కామెర్లకి పసరు పోయించమనే వాళ్ళు ఉన్నారు, మోకాలికి ఏదో ఆకు కట్టమనే వాళ్ళు ఉన్నారు, పిల్ల పుట్టలేదంటే ఏ గుడికెళ్ళాలో చెప్పేవాళ్ళు పది మంది ఉంటారు. ఒకసారి పసరు విషయంలో నర్సింగ్ అమ్మాయికీ ఒక పెద్దావిడకీ గట్టిగానే అయింది, నువ్వెంత నీ వయసెంత దాకా వెళ్ళింది. చివరికి రక్త పరీక్ష చేయించాకే ఏదైనా అని ఒప్పించింది ఆ పిల్ల. నాకు అనిపించేది ఏంటంటే, నలుగురిలో చెప్పినప్పుడు తప్పు సలహా పక్కనే దాన్ని కాదనే మనిషి కూడా ఉంటది. ఒక్కళ్ళకే చాటుగా చెప్పుకుంటే ఆ కాదనేవాళ్ళు ఉండరు.

ఇంకోటి కూడా దాచను, ఎందుకంటే ఆ పెద్దాయన భయం ఉత్తిది కాదు. మాలో ఒకావిడ కూతురికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి, మందులతో పూర్తిగా తగ్గింది. ఆ మాట బండిలో చెప్పుకుంది. ఎవరు మోసుకెళ్ళారో గానీ, పెళ్ళి మాటలు జరుగుతున్న ఇంటికి చేరింది, సంబంధం తప్పిపోయింది. ఆవిడ మాతో మాట్లాడ్డం మానేసి చివరి పెట్టెలో ఎక్కడం మొదలుపెట్టింది. తప్పు ఎవరిదో తేల్చుకోవడం మొదలుపెట్టి ఉంటే మేం ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉండేవాళ్ళం. పొందూరు అప్ప ఒక్కతే రోజూ ఆ చివరి పెట్టె దాకా నడిచివెళ్ళి పక్కన కూచునేది, మాట్లాడినా మాట్లాడకపోయినా. తర్వాత తర్వాత ఆవిడే వచ్చింది. అప్పట్నుంచి ఆడపిల్లల ఒంటి విషయాలు, పెళ్ళి మాటలు పెట్టెలో గట్టిగా మాట్లాడం, చెప్పుకోవాలనుకుంటే ఇద్దరు పక్కకెళ్ళి తలుపు దగ్గర నిలబడి చెప్పుకుంటారు, ఎవరూ చెవి పెట్టరు. గుట్టు అంటే ఏంటో మాకూ తెలుసండీ. ఏది పదిమందిలో చెప్పాలి ఏది ఒక్కళ్ళకే చెప్పాలి అన్నది నేర్చుకున్నాం, నేర్చుకోవడానికి ఆ ఇంటి వాళ్ళు చాలా నష్టపోయారు.

2020 మార్చిలో బళ్ళన్నీ ఆగిపోయాయి కదా. ఆ తర్వాత బళ్ళు నెమ్మదిగా తిరగడం మొదలైనా సీజన్ టికెట్లు చాన్నాళ్ళు ఇవ్వలేదు, ప్యాసింజర్ బండికి కూడా ఎక్స్‌ప్రెస్ ఛార్జీ కట్టాల్సొచ్చింది, పాత ఛార్జీ 2024లో గానీ మళ్ళీ రాలేదు. ఆ రోజుల్లో ఎవరి ఇంట్లో వాళ్ళం ఉండిపోయాం. అందరూ కలిశాక తెలిసింది ఒకావిడ మొగుడికి పని పోయి, పుస్తెలతాడు తాకట్టు పెట్టి, అది కూడా విడిపించుకోలేక పోగొట్టుకుందని. ఎవరికీ చెప్పలేదేమే అంటే "ఎక్కడ సెప్పను, బండి లేదు కదా" అంది.

2023 అక్టోబర్ 29 గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆ రోజు ఆదివారం, మాలో చాలామందికి సెలవు. రాత్రి ఏడు దాటాక అలమండ కంటకాపల్లి మధ్యలో పలాస ప్యాసింజర్‌ని వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది, 14 మంది పోయారు. మేం రోజూ వచ్చే దారి, రోజూ కూచునే బండి. కానీ హాస్టల్లో వంట చేసే అప్పకి ఆదివారం లేదు, ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళకి లేదు. వార్త తెలిసిన నిమిషం నుంచి మేం ఒకరికొకరం ఫోన్లు. ఎవరు ఎక్కారు ఎవరు ఎక్కలేదు. ఒకావిడ ఫోన్ ఎత్తట్లేదు. అప్పుడు పనికొచ్చింది ఏంటో తెలుసా అండీ, ఆవిడ అంతకు ముందు వారమే ఆడపడుచు కొడుకు బారసాల ఆదివారం ఉంది, వెళ్ళకపోతే మాట పడాలి అని బండిలో సణుక్కుంది. ఆడపడుచుది ఏ ఊరో కూడా చెప్పింది. అక్కడ తెలిసినవాళ్ళ ద్వారా కనుక్కుంటే బారసాలలోనే ఉంది, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి వంటింట్లో ఉంది. మాకు తెలిసినవాళ్ళు అందరూ క్షేమంగానే ఉన్నారు ఆ రాత్రి. అందరి ఇళ్ళకీ అంత అదృష్టం లేదు. మర్నాటి నుంచి చాలా రోజులు ఆ చోటు దాటుతుంటే పెట్టెలో ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు, ఆ పెద్దాయన అది గమనించారో లేదో.

స్త్రీ శక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యాక కొంతమంది బస్సుకి మారారు, మంచిదే, ఆ మిగిలే డబ్బులు ఎవరికి చేదు. కానీ బస్సులో ఇద్దరేసి ముందుకి మొహం పెట్టి కూచుంటాం, బండిలో అయితే ఎదురెదురు సీట్లు. ఇద్దరు ముగ్గురు మళ్ళీ వెనక్కి వచ్చేశారు, కబుర్ల కోసమే వచ్చామని మొహమాటం లేకుండా చెప్పారు.

మగవాళ్ళ సంగతి కూడా ఒక మాట. పక్క పెట్టెలో వాళ్ళు పేకాడుకుంటారు, రాజకీయాలు మాట్లాడుకుంటారు, ఇంటి కష్టం మాత్రం ఎత్తరు. వాళ్ళ కష్టాలు మాకు వాళ్ళ భార్యల ద్వారా తెలుస్తాయి. ఒక మనిషికి సుగర్ ఎక్కువై కాలి వేలు తీసేశారని ఏళ్ళ తరబడి పక్కన కూచుని పేకాడిన వాళ్ళకి తెలీదు, మాకు తెలుసు. నాకు ఆ పెద్దాయన మీద కోపం రాకపోవడానికి కారణం కూడా అదే. పేపర్ చదువుకోవడానికి కూడా తోడు లేకుండా ఒక్కరే వెళ్తున్నారేమో అనిపించింది. తలుపు పక్క వరస మేం ఆయనకి వదిలేస్తాం, గొంతు కూడా తగ్గించుకుంటాం, పెట్టెలో అందరికీ చెప్పాను, సరే అన్నారు. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే మా వరసలో చోటు ఉంటది, మామ్మ పక్కన.

సంపాదకులు గారికి నా మనవి ఒకటి. మీ పేపర్ మా పెట్టెలో ఒకటే కొంటాం, టీచరమ్మ చదువుతుంటే అందరం వింటాం, తర్వాత చేతులు మారుతూ వైజాగ్ దాకా వస్తది. సప్లిమెంటరీ ఫీజు ఆఖరు తేదీ, పథకాలకి అర్జీ ఆఖరు తేదీ, కంటి ఆపరేషన్ క్యాంపులు ఎక్కడ ఎప్పుడు, ఇవి లోపల పేజీలో చిన్న అక్షరాల్లో, చాలాసార్లు ఆ ముందు రోజో అదే రోజో వేస్తున్నారు. పనికెళ్ళే మనిషి ఆ రోజు చూస్తే సెలవు దొరకదు, డబ్బు సర్దుబాటు అవ్వదు. సోమవారం జిల్లా పేజీలో ఆ వారం తేదీలన్నీ ఒకచోట, పెద్ద అక్షరాల్లో, వారం ముందుగా వేయండి. దాని కిందే 14416, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181, పిల్లల కోసం 1098 కూడా వేయండి. రిజల్ట్స్ వచ్చే వారం అయితే ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోల పక్కనే ఆ 14416 నంబర్ వేయండి, అదే పేజీలో, చూడక తప్పని చోట. మేం కత్తిరించి పెట్టె గోడకి అంటిస్తాం, ఎవరైనా చింపేస్తే మళ్ళీ అంటిస్తాం.

ఇట్లు,
ఒక సీజన్ టికెట్ ప్రయాణికురాలు,
విజయనగరం